తల ఊపిన బొమ్మ

కిందటి వారం మనం టీచరమ్మను టీ కప్పుతో సహా వరండా కిటికీ దగ్గర నిలబెట్టి వచ్చేశాం. ఆ టీ ఈపాటికి చల్లారిపోయింది. ఆమె ఒక్క గుక్క కూడా తాగలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం సంగతి కాస్త చెప్పుకుందాం. టీచరమ్మ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పింది. ఇప్పుడు కంపెనీలవాళ్ళు ఆమెను పిలిపించుకుని, తమ సమావేశాల్లో ఓ మూల కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటారు. సమావేశం జరిగినంతసేపూ ఆమె పెదవి విప్పకూడదు. అంతా అయ్యాక తాను చూసింది చూసినట్టు చెప్పాలి. ఎవరి మాట ఎవరు వింటున్నారు, ఎవరు విన్నట్టు నటిస్తున్నారు, ఏ నిర్ణయం అందరిదీ, ఏది ఒక్కరిదీ. పరీక్ష హాల్లో కాపలా కాసి కాసి ఆమె కళ్ళకు ఆ పని బాగా అలవాటైంది. "నోరు మూసుకున్నందుకు డబ్బులిచ్చే ఉద్యోగమా? ఇంట్లో కూడా అలాగే ఉంటానంటే మా తమ్ముడు ఇంకో జీతం ఇస్తాడు కదమ్మా" అని ఆమె వదినగారి వేళాకోళం.

ఈసారి పిలిచింది ఆసుపత్రి మంచాలు తయారుచేసే కంపెనీ. స్థాపించిన పెద్దాయన పోయాక కూతురు డైరెక్టర్ అయింది. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం రెండు రోజుల సమావేశం పెట్టుకున్నారు, ఇవాళ రెండో రోజు. సాయంత్రానికి ప్రణాళిక బోర్డుకు వెళ్ళిపోవాలి. అందులో అన్నిటికన్నా బరువైన అంశం ఒకటుంది: పాత మంచాలు బాగుచేసే మరమ్మతు విభాగాన్ని మూసెయ్యడం. అది వేరే ఊళ్ళో ఉంది. దాన్ని నడిపేది డైరెక్టర్ సొంత బాబాయి.

పెద్దాయన పెట్టిపోయిన నియమం ఒకటి ఆ కంపెనీలో ఇప్పటికీ చెల్లుతుంది. ఏ విభాగం మూసినా, దాని అధిపతి ఈ బల్ల దగ్గర కూర్చుని అందరి ఎదుటా సరేననాలి. కాలం మారింది గనక, బల్ల దగ్గర అంటే తెర మీద కూడా అని సర్దుకున్నారు. కూతురు తన వంతుగా ఇంకోటి చేర్చింది. అంశం చదివాక "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతుంది. ఎవరూ మాట్లాడకపోతే ఆమోదం పొందినట్టే. చర్చలు జీళ్ళపాకంలా సాగకుండా ఉండటానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అది.

ఇక జరిగిందేమిటంటే, మరమ్మతు విభాగం అంశం చదువుతుండగా తెర మీద వీడియోలో ఉన్న బాబాయి బొమ్మ ఆగిపోయింది. ఆయన తల కొంచెం ముందుకు వంగి, అచ్చం సరేనంటున్నట్టు నిలిచిపోయింది. ఆయన వెనకాల ఎవరో పనివాడు నడిచి వెళుతూ, ఒక కాలు గాల్లోకి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. డైరెక్టర్ అభ్యంతరమా అని అడిగింది. గదిలో ఎవరూ కిమ్మనలేదు. బొమ్మ తల ఊపుతున్నట్టే ఉంది. అంశం ఆమోదం పొందింది. టీకి లేచారు.

టీచరమ్మ వరండాలో నిలబడి వాళ్ళను గమనించింది. సమావేశంలో మింగేసిన మాటలన్నీ మనుషులు టీ దగ్గర కక్కేస్తారు. ఈ వృత్తిలోకి వచ్చాక ఆమె నేర్చుకున్న తొలి సంగతి అదే. అందుకే టీ విరామంలో ఆమె చెవులు మరింత పదునెక్కుతాయి. కానీ ఇవాళ అమ్మకాల అధిపతి లిఫ్టు గురించి మాట్లాడాడు. అది రెండో అంతస్తులో ఊరికే ఎందుకు ఆగుతుందన్నది ఆయన బాధ. ఈయన చూపించే ప్రతి గ్రాఫులోనూ గీత పైకే పోతుంది కనక అందరూ చాటుగా బాణంగారు అంటారు. లెక్కల అధిపతి కళ్ళజోడు తుడుచుకుంటూ, లిఫ్టు సంగతి తనకూ అర్థం కావడం లేదన్నాడు. డిజైన్ మేడం తన కూతురి ఈత క్లాసుల గురించి ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయింది. మరమ్మతు విభాగం ఊసు ఏ నోటి నుంచీ రాలేదు. ఇంత పెద్ద నిర్ణయం తీసుకుని లిఫ్టు గురించి మాట్లాడుకుంటున్నారంటే, బొమ్మ ఆగిపోవడం అందరూ చూశారన్నమాట. టీచరమ్మకు అప్పుడు నిజంగా భయం వేసింది. ఒక్కరే చూసి ఉంటే ఆ ఒక్కరినీ నిలదీయొచ్చు. అందరూ చూశాక ఎవర్ని అడగాలి?

డైరెక్టర్ నీళ్ళ సీసా నింపుకోవడానికి అటు వచ్చింది. ముప్ఫయి దాటిందో లేదో, కళ్ళ కింద మాత్రం రెండింతల వయసు పేరుకుని ఉంది.

"మీరేదో చెప్పాలనుకుంటున్నట్టున్నారు" అంది.

"సమావేశం అయ్యేదాకా చెప్పకూడదని కదండీ మన ఒప్పందం."

"అవును." సీసా నిండి నీళ్ళు చేతి మీదకి పొర్లాయి. ఆమె చూసుకోలేదు. "అయితే చెప్పకండి."

ఆ మాటలో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. టీచరమ్మ తలదించుకుని కప్పు బల్ల మీద పెట్టేసింది. పిల్లలు తప్పు రాసి, అది తప్పని తెలిసి, దిద్దడానికి చెయ్యి రాక ఆ పేజీని అరచేత్తో కప్పుకుని కూర్చోవడం ఆమె చాలాసార్లు చూసింది. ఈ అమ్మాయి అదే చేస్తోందని ఆమెకు జాలి కలిగింది.

గదిలోకి వెళ్ళేసరికి తెర అలాగే ఉంది. ఆ వెనకతట్టు మనిషి ఇంకా ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాడు. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. తెరకు ఎదురుగా ఉండే లెక్కలాయన కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకున్నాడు.

"తర్వాతి అంశం" అంది డైరెక్టర్. "మరమ్మతు విభాగం స్థలాన్ని గోడౌన్‌గా వాడుకోవడం. అందులో ఉన్నవాళ్ళ లెక్క తేల్చి పంపెయ్యడం, నెలాఖరులోగా."

బాణంగారు వెంటనే అందుకున్నాడు. "అది ఎలాగూ పై అంశంతో ముడిపడ్డదే కదండీ. మళ్ళీ చర్చ ఎందుకు?"

"సరే. ఎవరికైనా అభ్యంతరమా?"

టీచరమ్మ తన కుర్చీలో కదిలింది. ఇన్నేళ్ళలో ఏ సమావేశంలోనూ ఆమె మధ్యలో మాట్లాడలేదు. చూడ్డానికి వచ్చిన మనిషి మాట్లాడితే, ఆ క్షణం నుంచి గదిలో వాళ్ళంతా ఆమె కోసం వేషాలు కట్టడం మొదలుపెడతారు. తన మౌనమే తన పనిముట్టని ఆమె ఎన్నోచోట్ల గట్టిగా చెప్పింది, నమ్మింది కూడా. ఒప్పందం మీరితే ఈ కంపెనీయే కాదు, ఇంకో కంపెనీ కూడా పిలవదు. కానీ ఈ గదిలో మౌనానికి అర్థం ముందే ఖాయం చేసేశారు. కదలకుండా కూర్చుంటే సరేనన్నట్టే. మరి తానూ ఇదే గదిలో కూర్చుంది కదా. తన మౌనం ఒక్కటీ వేరే ఖాతాలోకి ఎలా వెళుతుంది? తెర అవతల ఒక ఊళ్ళో కొందరు మనుషులు తమ పని పోయిందని తెలియకుండా ఇంకా మంచాలు బాగుచేస్తున్నారు. వాళ్ళ బతుకు మీద పడ్డ సంతకాల్లో తనది కూడా ఒకటి అవుతుంది.

ఆమె లేచి నిలబడింది. అంతా ఆమె వంక చూశారు, కుర్చీ మాట్లాడబోతోందన్నంత ఆశ్చర్యంగా.

"ఒక్క ప్రశ్న అడుగుతానండీ" అంది టీచరమ్మ. గొంతు ఆమె అనుకున్నదానికన్నా మెత్తగా వచ్చింది. "ఆ వెనకాల మనిషి కాలు ఎంతసేపటి నుంచి గాల్లో ఉంది?"

ఎవరూ తెర వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

బాణంగారే ముందు తేరుకున్నాడు. "టీచరమ్మగారూ, మీరు పరిశీలించడానికి వచ్చారు. పరిశీలించండి. మధ్యలో మాట్లాడటం మీ పని కాదని మీరే చెప్పారు నిన్న."

"చెప్పాను. నా తప్పు నేను ఒప్పుకుంటాను, మీరు కావాలంటే నన్ను పంపెయ్యండి. కానీ నా ప్రశ్నకి జవాబు చెప్పి పంపండి."

"నెట్ వర్క్ ఇబ్బంది అండీ. అందరికీ వచ్చేదే."

"అది నాకూ తెలుసండీ. ఆగిందని మీకెప్పుడు తెలిసిందని అడుగుతున్నా."

డిజైన్ మేడం చేతిలో పెన్ను మూత తీసింది, పెట్టింది. "నాకు అప్పుడే తెలిసింది" అంది నెమ్మదిగా. "చదువుతుండగానే. చెబుదామనుకున్నా. ఈలోగా అభ్యంతరమా అన్నారు. ఇప్పుడు చెబితే అడ్డుపడుతున్నట్టుంటుందేమో అనిపించింది. తర్వాత చెబుదాంలే అనుకున్నా. తర్వాత అయ్యేసరికి, మరి అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు కదా."

ఆమె మొహంలో అబద్ధం లేదు. టీచరమ్మ ఇలాంటి మాట వినడం మొదటిసారి కాదు. మనుషులు తప్పును దాచేది చెడ్డవాళ్ళయి కాదు. మొదటి క్షణం దాటిపోతే రెండో క్షణానికి మొహం చెల్లదు, అంతే. చాలా కంపెనీల ప్రణాళికలు అలా దాటిపోయిన మొదటి క్షణాల మీదే నిలబడి ఉంటాయి.

"నేనూ చూశాను" అన్నాడు లెక్కలాయన, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని. అది లేకపోతే ఎదుటివాళ్ళ మొహాలు ఆయనకు సరిగా ఆనవు. "మేడం చూసే ఉంటారు, మేడమే అంటారు అనుకున్నానండీ. మేడం అనలేదు. అయితే మేడంకి కావాల్సింది ఇదేనేమో అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు బాణంగారు. ఆయన గొంతులో బాణం ఈసారి పైకి పోలేదు.

అందరి చూపులూ తిరిగి తిరిగి డైరెక్టర్ దగ్గర ఆగాయి. ఆమె చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

"చూశాను" అంది చివరికి. "మీ అందరికన్నా ముందు చూశాను. ఆగిపోగానే నాకెంత హాయిగా అనిపించిందో తెలుసా? నాకు సైకిల్ నేర్పింది ఆయన. మా నాన్న ఫ్యాక్టరీ వదిలి వచ్చేవాడు కాదు, నా బడి వార్షికోత్సవాలన్నిటికీ ఆయనే వచ్చేవాడు. ఆయన మొహంలోకి చూసి, మీ విభాగం మూసేస్తున్నాను, సరేనా అని నేను అడగలేను. రాత్రంతా దాని గురించే ఆలోచించా. పొద్దున బొమ్మ ఆగిపోయింది. ఇంక అడగక్కర్లేదు అనుకున్నా."

నిజానికి ఆ రెండు రోజుల్లో ఆ బల్ల దగ్గర పలికిన మొదటి నిజమైన మాట అదే. టీచరమ్మకు ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ తాను ఆ కంపెనీలో ఎవరికీ ఏమీ కాదు.

"మరమ్మతులు తగ్గిపోతున్న మాట నిజమేనండీ" అన్నాడు లెక్కలాయన, ఓదార్పుగా. "ఆ నిర్ణయం తప్పు కాదు."

"నిర్ణయం తప్పని నేను అనడం లేదు" అంది టీచరమ్మ. "నాకు మంచాల గురించి ఏమీ తెలీదు. మీరు ఆయన్ని అడగలేదు, అంతే నాకు తెలిసింది."

"అదే నేనూ చెబుదామనుకుంటున్నా, అమ్మాయ్."

ఆ గొంతు బల్ల మధ్యలో ఉన్న స్పీకర్లోంచి వచ్చింది. డిజైన్ మేడం చేతిలోని పెన్ను కింద పడి దొర్లుకుంటూ పోయింది. తెర మీద బొమ్మ ఇంకా కదల్లేదు. తల వంచుకున్న ఆ మనిషి పెదవులు మూసే ఉన్నాయి, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"బాబాయ్?" అంది డైరెక్టర్. ఆఫీసులో ఆయన్ని ఎప్పుడూ సార్ అనే పిలిచేది.

"నా బొమ్మ మీకు ఆగిపోయిందటగా. నాకు మాత్రం మీరంతా చక్కగా కదులుతూనే ఉన్నారు. మాటలూ వినబడుతూనే ఉన్నాయి. ఇక్కడ సుత్తి దెబ్బల మోత మీకెందుకని మా వైపు మైకు కట్టేసి పెట్టుకున్నా. ఇప్పుడే మళ్ళీ పెట్టాను."

"మరి అభ్యంతరమా అన్నప్పుడు..." బాణంగారు మాట పూర్తి చెయ్యలేదు.

"అడిగింది నన్నని నాకు తెలీలేదయ్యా. ఎవరికైనా అని అడిగింది. ఎవరికైనా అంటే ఎవరు? మూతబడేది నా విభాగం. నన్ను పిలిచి అడుగుతుందని కూర్చున్నాను. అడగలేదు. టీకి లేస్తూ, ఆగిపోయాడు పాపం అన్నాడు కళ్ళజోడాయన నీతో గుసగుసగా. మంచిదేలే అన్నావు నువ్వు. అప్పుడు తెలిసింది నాకు, నేను మీకు బొమ్మలా ఉన్నానని."

బాణంగారు ముందున్న కాగితాలు తిరగేశాడు.

"టీ తాగి వస్తారు, వచ్చాక ఎవరో ఒకరు అంటారులే అని చూశాను. లిఫ్టు గురించి కూడా విన్నాను. తలుపు తీసి పెట్టుకుని మాట్లాడుకున్నారుగా." "ఒక మాట చెప్పనా అమ్మాయ్. పొద్దున నేను సరేనందామనే వచ్చి కూర్చున్నాను. పని తగ్గిందని నాకు తెలీదా? మా వాళ్ళందర్నీ కొత్త మంచాల బిగింపు పనిలోకి తీసుకోండి, నేను తాళం వేసి తాళంచెవి మీకే తెచ్చిస్తాను అందామనుకున్నాను. వాళ్ళతో మాట్లాడేశాను కూడా. ఒప్పుకున్నారు. నువ్వు అడగడమే మిగిలింది."

డైరెక్టర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు.

టీచరమ్మ నెమ్మదిగా కూర్చుండిపోయింది. రాత్రంతా ఒకమ్మాయి ఇక్కడ నిద్రపోకుండా భయపడింది. ఆ భయపడిన ప్రశ్నకు జవాబు అక్కడ సిద్ధంగా కూర్చుని ఉంది. రెండింటి మధ్యా అడ్డం ఏమీ లేదు, అడగకపోవడం తప్ప. ఆమె ఈ వృత్తిలో ఎన్నో గదులు చూసింది గానీ, ఇంత దగ్గర్లో ఇంత దూరం ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు అడుగుతున్నా బాబాయ్" అంది డైరెక్టర్, చేతులు తీసి. "నీకు అభ్యంతరమా?"

"ఉంది. ఇప్పుడు ఉంది. పొద్దున లేదు. నేను వింటున్నానని తెలిసి ఉంటే మీరు మా వాళ్ళ లెక్క తేల్చి పంపెయ్యమని అనేవాళ్ళు కాదు. వినడం లేదనుకున్నారు కాబట్టి అన్నారు. అది విన్నాక నేను సరేనంటే, వీళ్ళ మొహాలు రేపటి నుంచి ఎలా చూడను? కాదంటున్నాను. రాసుకోండి."

"మేడం, ఆమోదం అయిపోయిన అంశాన్ని మళ్ళీ తెరవకూడదని మన నియమం" అన్నాడు బాణంగారు, గొంతు సవరించుకుని. "సాయంత్రం బోర్డుకి..."

"ఆమోదం ఎవరిచ్చారు?" అంది డైరెక్టర్. "మీరా, నేనా? బొమ్మ ఇచ్చింది. కొట్టెయ్యండి. ఇవాళ బోర్డుకి ఏదీ వెళ్ళదు. నేను మాట్లాడుకుంటాను వాళ్ళతో."

లెక్కలాయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు కళ్ళజోడు పెట్టుకుని, ఆ అంశం మీద అడ్డంగా గీత గీశాడు. డిజైన్ మేడం వంగి పెన్ను తీసుకుంది. ఆ గదిలో గాలి కాస్త తేలికపడింది. టీచరమ్మ సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఒప్పందం మీరింది కనక తన పని ఇక్కడితో సరి అనుకుంది.

"మీరు ఉండండి" అంది డైరెక్టర్ ఆమెతో. "దయచేసి."

అప్పుడే తెర మీద బొమ్మ ఒక్కసారి వణికి కదిలింది. ఒంటికాలి మనిషి ఎప్పుడో వెళ్ళిపోయాడు. వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు ఒక మంచం చట్రాన్ని ఎత్తి పక్కకు జరుపుతున్నారు. బాబాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో మాత్రం ఆ ఎరుపు లేదు.

"ఇంకోటి చెప్పాలి అమ్మాయ్. అది ఇంటి సంగతి. నువ్వొక్కదానివే వింటావా, అందరి ముందూ చెప్పనా?"

డైరెక్టర్ చెయ్యి స్పీకర్ మీట దాకా వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగింది. ఆ చెయ్యి ఎటు కదులుతుందోనని అందరూ చూశారు. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అందరి ముందే చెప్పు. ఇంక ఈ గదిలో చాటుమాటు వద్దు."

"మూసే విభాగం మనిషి ఎదురుగా కూర్చుని సరేననాలని మీ నాన్న నియమం పెట్టాడు కదా. ఎందుకు పెట్టాడో నీకెప్పుడైనా చెప్పాడా?"

"మంచితనం అనుకున్నాం."

"మంచితనం కాదమ్మా. పశ్చాత్తాపం. అంతకుముందు ఒక విభాగాన్ని అడక్కుండా మూసేశారు. పరుపుల విభాగం. ఇప్పుడు పరుపులు బయట కొంటున్నాం గానీ, ఒకప్పుడు ఇక్కడే కుట్టేవాళ్ళు. దాన్ని మొదలుపెట్టి నడిపింది మా వదిన. మీ అమ్మ."

అమ్మ ఈ ఆఫీసు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదనే డైరెక్టర్‌కు తెలుసు. ఇవాళ పొద్దున కూడా అమ్మ ఆమెకు కాఫీ కలిపి ఇచ్చి, సమావేశం బాగా జరగాలి అని మాత్రం అంది. ఏ గదిలో, ఏ బల్ల దగ్గర అని అడగలేదు.

"ఆ రోజు వదిన పరుపుల లెక్కలు చూసుకుంటూ కింద గదిలో ఉంది. పైన, ఇదే బల్ల దగ్గర తేల్చేశారు. అభ్యంతరమా అని మీ నాన్న కూడా అడిగాడు. ఒక్కరు నోరు మెదపలేదు. సాయంత్రం ఆవిడ తలుపు దాకా వచ్చి, అందర్నీ ఒక్కొక్కరినే చూసి, ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."

గదిలో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. టీచరమ్మ మాత్రం అలవాటు కొద్దీ తెరనే చూస్తోంది. అందుకే డైరెక్టర్ అడిగిన తర్వాతి ప్రశ్న ఎక్కడ తగిలిందో అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది.

"ఆ రోజు ఈ బల్ల దగ్గర ఎవరెవరు ఉన్నారు బాబాయ్?"

తెర ఆగిపోలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు చట్రాన్ని గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, ఏదో చెప్పుకుంటూ అటు నడిచి వెళ్ళారు. బాబాయి ఒక్కడే కదలడం మానేశాడు.